ఉత్త మాస్టారు

మా పత్రిక వార్షికోత్సవానికి ఆదివారం ఒక ప్రత్యేక పేజీ వేయాలన్నారు. పేరు ముందే పెట్టేశారు: ‘మన హెడ్డింగులు, మన నవ్వులు’. నవ్వులు వెతికే పని నా నెత్తిన పడింది. డెస్కులో నోరు లేని మనిషికి ఇలాంటివే వస్తాయి.

పాత సంచికలన్నీ మెట్ల కింద గదిలో ఉంటాయి. నెలకొక బైండు. ఒకటి దించి బల్ల మీద పెట్టేసరికి భుజం లాగేస్తుంది. పేజీ తిప్పితే అంచులు విరిగి ఒళ్ళో రాలతాయి. మొదటిరోజు బాగానే నవ్వాను. ‘దొంగలున్నారు జాగ్రత్త: పోలీసుల సమావేశంలో అధికారి’. ‘బావిలో గేదె క్షేమం, తీయబోయిన సిబ్బందికి గాయాలు’. ‘నేడు నీళ్ళు రావు, రేపు నిన్నటిలాగే’. ఆ తర్వాత నవ్వు రావడం మానేసి తుమ్ములు మొదలయ్యాయి.

శనివారం పొద్దున్న ఒక బైండులో మా మామయ్య కనిపించాడు.

మామయ్య అంటే మా అమ్మకు అన్న, మా ఊరి బడిలో నాకు అక్షరాలు దిద్దించిన మాస్టారు. నేను పుట్టకముందు ఆయనకు జిల్లా స్థాయిలో బహుమతి వచ్చింది. విలేకరి ‘ఉత్తమ మాస్టారికి సన్మానం’ అని రాసి పంపాడు. అక్షరాలు పేర్చే కంపోజిటర్ పక్కపక్కనే రెండు ‘మ’లు చూసి, చెయ్యి తడబడి రెండుసార్లు రాశారనుకుని ఒకటి తీసేశాడు. ‘ఉత్త మాస్టారికి సన్మానం’ అని అచ్చయింది. మర్నాడు సవరణ వేశారు. అదీ ఆ కంపోజిటరే పేర్చినట్టున్నాడు: ‘నిన్నటి సంచికలో ఉత్త మాస్టారు అని పడినదానిని ఉత్త మాస్టారు అని చదువుకోగలరు.’

ఊరు అలాగే చదువుకుంది. ఆయన బడి ఉత్త బడి, ఆయన సైకిల్ ఉత్త సైకిల్. అత్తయ్య కొట్టుకు వెళితే, “ఉత్త మాస్టారింటికి ఉత్త సంచేనా?” అనేవారు. దండలు వేయించుకున్నవాళ్ళను ఊరు ఎప్పుడో మర్చిపోయింది. ఒక అక్షరం పోగొట్టుకున్న మనిషిని మాత్రం మర్చిపోలేదు.

నేను ఆ బైండు మూసేలోపే ఆటల పేజీ చూసే అతను నా వెనక నిలబడి చదివేశాడు. అతని నవ్వుకు డెస్కంతా లేచొచ్చింది. సాయంత్రంలోపు పేజీ కట్టాలి. ఇన్‌చార్జి సార్ దాన్ని తీసుకెళ్ళి పేజీకి నెత్తిన పెట్టించారు.

మెట్ల దగ్గరికి వెళ్ళి మామయ్యకు ఫోన్ చేశాను.

“వేసుకోండే కోడలా,” అన్నాడు ఆయన, కుర్చీలోంచి లేవడానికి కూడా ఓపిక లేనట్టు. “ఇన్నాళ్ళూ మోసినవాణ్ణి, ఇంకో ఆదివారం మోయలేనా?”

ఇంతలో ఫోన్ వదిన లాక్కుంది. ఆయన కూతురు. “ఏమే, నీ ఉద్యోగం చల్లగుండా! సోమవారం నేను చేరేది ఆ బడిలోనే అని తెలుసా?”

“తెలుసు వదినా. అందుకే అడుగుతున్నా.”

“ఇప్పటి పిల్లలకు ఆ పేరు తెలీదు. పెద్దాళ్ళు కూడా మర్చిపోతున్నారు. రేపు మీ పేపర్లో పడిందనుకో, ఎల్లుండి నేను గేటు దాటేలోపు ఉత్త టీచర్ అయిపోతాను. ఇంకో ముప్పై ఏళ్ళు మొయ్యాలి. నీకు పుణ్యముంటుంది, తీయించవే.”

సార్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కళ్ళు నలుపుకుంటున్నారు.

“సార్, ఆ మాస్టారు మా మామయ్య.”

“ముందే ఏడవచ్చు కదమ్మా,” అన్నారు. కోపం కూడా ఓపికున్నవాళ్ళకే వస్తుందని ఆయన్ను చూస్తే తెలుస్తుంది. “పేజీ మొత్తంలో నాకు నవ్వొచ్చింది అదొక్కటే. మిగతావి చదివితే నిద్రొస్తోంది. అంత నవ్వించేది ఇంకోటి పట్రా, దీన్ని తీసేస్తా. టీ తాగొచ్చేలోపు.”

మళ్ళీ మెట్ల కిందికి. ఈసారి వెతకడం వేరేలా ఉంది. నవ్వొచ్చిన ప్రతి హెడ్డింగు కిందా ఒక మనిషి కనిపిస్తున్నాడు. ‘మృతుడి పరిస్థితి నిలకడగా ఉంది’ అని చదివి నవ్వబోయి, ఆ ఇంట్లో ఎవరు చదివుంటారో అని ఆగిపోయాను. గేదెను తీయబోయి దెబ్బలు తిన్నవాళ్ళకు ఊళ్ళో ఏం పేరు పెట్టారో! ఎవరికీ తగలని నవ్వు దొరకడం ఇంత కష్టమని తెలీదు.

చివరికి ఒక కూరగాయల పోటీ దొరికింది. ‘తొమ్మిది అడుగుల పొట్లకాయకు ప్రథమ బహుమతి’. మర్నాడు: ‘నిన్నటి వార్తలో పొట్లకాయను సొరకాయగా చదువుకోగలరు.’ ఆ మర్నాడు: ‘సవరణలో పొరపాటు దొర్లింది. సొరకాయను తిరిగి పొట్లకాయగా చదువుకోగలరు.’ ఇంకో రెండు రోజులకు, మూలన, చిన్న అక్షరాల్లో: ‘బహుమతి వచ్చినది గుమ్మడికాయకు.’

సార్ వరసగా నాలుగూ చదివారు. చివరిదానికి ఆయన భుజాలు కదిలాయి. “కాయలకు పరువు నష్టం ఉండదు కదా. పెట్టు,” అన్నారు. మామయ్య పేజీ దిగిపోయాడు. నేను ముఖం కడుక్కుంటే నీళ్ళు నల్లగా పోయాయి.

ఆదివారం మామయ్యే ఫోన్ చేశాడు.

“పేజీ అంతా చూశానే. నేను లేనేంటి?”

“వదిన వద్దంది మామయ్యా. బడిలో పిల్లలు…”

“ఓహో.” పేపరు మడతపెడుతున్న చప్పుడు వినిపించింది. “మంచిదే. ఇక్కడ ఇద్దరు ముగ్గురికి చెప్పాను, పడుతుందని. ఫర్వాలేదులే.”

ఆ ‘ఫర్వాలేదులే’ నాకు రోజంతా బరువుగానే ఉంది.

సోమవారం మధ్యాహ్నం వదిన బడి నుంచి చేసింది. వెనకాల పిల్లల గోల.

“ఏమైంది వదినా? ఏమన్నా అన్నారా?”

“గేటు దాటకముందే అన్నారు. ఉత్త టీచర్.”

“ఎవరు చెప్పారు వాళ్ళకు? పేపర్లో లేదు కదా!”

“ఇంకెవరు, మీ మామయ్యే. మొదటిరోజు దిగబెడతానని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. గేటు దగ్గర పిల్లల్ని పోగేసి, ‘ఒరే, ఈ బడికి ఉత్త మాస్టారిని నేనేరా, ఈమె మా అమ్మాయి’ అన్నాడు. ఎంత పొంగిపోతూ చెప్పాడనుకున్నావ్! మొదట కాళ్ళ కింద భూమి చీలితే బాగుండుననిపించింది.”

“తర్వాత?”

“తర్వాత ఏముంది? ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.” అలసటగా నవ్వింది. “పిలిస్తే పలుకుతున్నాలే. ఇందాకే ఒకడు పలక తెచ్చి, ‘ఉత్త టీచర్, దిద్దవా?’ అన్నాడు. దిద్దాను.”