క్యారవాన్ మీద క్యాను

సోమందేపల్లెలో స్టీలు సామాన్ల అంగడి నడిపే నరసింహప్పకు ఏ వస్తువైనా బరువు చూసి కొనడం అలవాటు. అందుకే పాత టెంపో వ్యానులో మంచాలు, పొయ్యి, అద్దం బిగించి లేపాక్షి యాత్రికులకు బాడుగకిచ్చే క్యారవాన్ తయారుచేసినప్పుడు, ఏసీని కూడా బరువు చూసే కొన్నాడు. కల్యాణమండపానికి సరిపోయేది. వ్యాను జనరేటరు దాన్ని మోయలేదని మెకానిక్ కృపాకుమారి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. ఆడపిల్ల మాట కదా, ఆయన చెవికెక్కలేదు. స్విచ్ వేసిన రోజే జనరేటరు మూడుసార్లు దగ్గి పడుకుంది.

చివరికి కృపాకుమారే ఆ పెద్ద ఏసీని దింపి, బండ్ల పైకప్పు కోసమే చేసిన చిన్న ఏసీ తెప్పించి బిగించింది. హైవే పొడవునా బస్సుల ఏసీలు బాగుచేసేవాళ్లంతా మగవాళ్లే. ఈ క్యారవాన్ చల్లగా తిరిగితే నలుగురు బస్సు ఓనర్లు తననూ పిలుస్తారని ఆమె ఆశ. ఆమె ముఖం చూసే, క్యారవాన్ నిలిపే షెడ్డులో వాళ్ల నాయన యేసన్నకు కాపలా పని కూడా దొరికింది.

వారం తిరగలేదు. మబ్బు పట్టడమే తప్ప కురవడం తెలియని ఆగస్టు, ఒళ్లంతా జిడ్డు చేసే ఉక్క. షెడ్డులో నిలిపిన క్యారవాన్‌లో ఏసీ వేసుకుని కునుకు తీస్తున్న బెంగళూరు కుటుంబం మీద పైనుంచి నీళ్లు కారాయి. మా జిల్లాలో వాన చూడాలంటే ఏసీ కొనుక్కోవాలన్నమాట. ఆడపిల్లకు పని అప్పజెప్పినందుకు తన చెప్పుతో తానే కొట్టుకోవాలని, బెంగళూరు మెకానిక్‌ను పిలిపించి కొత్తది వేయిస్తానని, ఈ సంగతి ప్రతి బస్సు ఓనరుకూ చెబుతానని నరసింహప్ప కృపాకుమారికి ఫోనులో తీరిగ్గా సెలవిచ్చాడు.

కృపాకుమారి పరుగున వచ్చి నిచ్చెన ఎక్కింది. ఏసీ భేషుగ్గా ఉంది. నీళ్లు బయటికి పోయే రంధ్రాలకు మాత్రం ఎవరో గుడ్డ కుక్కారు. ఒక్కదానికి సన్నగొట్టం తగిలించి, పక్కనే పైకప్పు మీద పడుకోబెట్టిన పెద్ద క్యానులోకి పెట్టారు. క్యాను సగానికి నిండాక ఇక పోయే దారి లేక నీళ్లు లోపలికి దిగాయి.

ఆ గుడ్డ వాళ్ల నాయన తువ్వాలు ముక్క. కింద యేసన్న తల వంచుకుని నిలబడ్డాడు. నాలుగు బోర్లు వేయించి దుమ్ము తప్ప చూడని మనిషి, కళ్లముందు నీళ్లు నేలపాలవుతుంటే ఎన్ని రోజులని కాపలా కాస్తాడు? నిజం చెబితే నాయన పని పోతుంది, చెప్పకపోతే తన పేరు పోతుంది. ఆమెకు ఏడుపొచ్చింది. అంతలో నరసింహప్ప షెడ్డుకు రానే వచ్చాడు, ఆమె నిచ్చెన మీదినుంచే చెప్పేసింది.

“తప్పు నాదే సార్. బిగించేటప్పుడు చూసుకోలే.”

“అబద్ధం చెప్తాంది సార్,” అన్నాడు యేసన్న. “దాని పనిలో వంక ల్యా. నీళ్లు ఊరికే పోతాంటే చూడల్యాక నేనే పెట్టినా.”

నరసింహప్ప తీర్పుకు వాయిదాలుండవు. యేసన్న ఆ క్షణమే షెడ్డు బయటికి నడవాలన్నాడు. ఆ తర్వాత ఆయన చూపు క్యాను మీద పడింది. రోజుకు ఎన్ని నీళ్లు వస్తాయమ్మా అని ఎంతో మర్యాదగా అడిగాడు. పది లీటర్ల దాకా అని ఆమె చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. అంగట్లో మంచి స్టీలు డ్రమ్ము ఉందట, కింద పెట్టి దానికి గొట్టం సక్రమంగా బిగించాలట, బస్సు ఓనర్లందరికీ ఆమె పేరు తానే చెబుతాడట. యేసన్న చేస్తే నేరం, సావుకారికి తోస్తే తెలివి.

కృపాకుమారి గుడ్డ పీకేసి, క్యాను భుజాన పెట్టుకుని దిగింది.

“ఆ పని ఇంకెవరితోనన్నా చేపిచ్చుకోండి సార్.”

క్యానును మోపెడ్ ముందు కాళ్ల దగ్గర పెట్టుకుని, నాయనను వెనక ఎక్కించుకుని హైవే ఎక్కింది. వచ్చే బేరమంతా కాలదన్నినందుకు తిడతాడేమోనని చూసింది. రెండు మైళ్లు దాటాక యేసన్న ఆమె భుజం మీదుగా ముందుకు వంగాడు.

“మూత గట్టిగా బిగించినావా పాపా? తొణుకుతాండాయి.”