రెండు దరఖాస్తులు

టార్పాలిన్ల వ్యాపారి ముప్ఫై ఏళ్లలో ఏ సరుకూ ఒక్కచోట ఆర్డరివ్వలేదు. ఇద్దరికి చెప్పడం, ముందు పంపినవాడి లోడు దించుకోవడం, రెండోవాడికి ఏదో సాకు చెప్పి తప్పించుకోవడం ఆయన పద్ధతి. దానివల్ల తిట్లు తిన్నాడు గానీ వానాకాలంలో దుకాణం ఏనాడూ ఖాళీగా లేదు. అందుకే చెల్లెలున్న దేశంలో యుద్ధం మొదలై, ఆమెను తెచ్చుకోవడానికి వీసా కావాల్సివచ్చినప్పుడు కూడా అలవాటుకొద్దీ ఇద్దరు ఏజెంట్లను పట్టుకున్నాడు. ఒకడు దరఖాస్తులో వెళ్లే కారణం ‘కుటుంబ పని’ అని రాశాడు. ఇంకొకడు ‘వ్యాపారం’ అని రాశాడు. రెండింటి కిందా ఈయన చదవకుండానే సంతకం గీకేశాడు.

ఆ సంగతి బుధవారం పదకొండున్నరకు, ఆ దేశపు కాన్సులేట్ కిటికీ దగ్గర బయటపడింది.

కిటికీ అవతలి అధికారిణి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. రెండు ఫొటోల్లోనూ ఆయనే, అదే చొక్కా.

“ఏది నిజం సార్?”

“రెండూ నిజమే మేడం. వ్యాపారినీ నేనే, ఆ పిల్లకి అన్ననీ నేనే.”

“నవ్వులాట కాదు. యుద్ధం జరిగే చోటికి ఒకే మనిషి రెండు కారణాలు చెప్పి వస్తానంటే మావాళ్లు ఏమనుకుంటారు? ఫైలు విచారణకి వెళ్లింది. పది రోజులు పడుతుంది.”

పది రోజులెక్కడ, పద్దెనిమిది గంటలెక్కడ! చెల్లెలు నర్సుగా పనిచేసే ఆసుపత్రిని మూసేస్తున్నారు. మర్నాడు ఉదయం ఆరింటికి ఆఖరి బస్సు సరిహద్దుకు బయల్దేరుతుంది. ఆ తర్వాత ఆ రోడ్డుకు ఎవరూ పూచీ పడరు. ఆమె పాస్‌పోర్టేమో ఆసుపత్రి బీరువాలో ఉంది. ఉద్యోగ ఒప్పందంలో హామీదారు అన్నయ్యే కాబట్టి, ఆయన వచ్చి విడుదల కాగితం మీద సంతకం పెడితేనే ఇస్తామన్నారు. సాయంత్రం విమానానికి టికెట్టు కూడా తీసుకుని వచ్చాడు.

“ఆ విమానం ఎగరదు,” అందామె టికెట్టు చూసి. “పొద్దున ఎనిమిదింటికి అక్కడి విమానాశ్రయం మూసేశారు. ఈ వీసా మీద రోడ్డు దారిన రానివ్వరు. అసలు మీరెందుకు వెళ్లాలి? సంతకమేగా! నా ఎదురుగా పెడితే సీలు వేసి ఆసుపత్రికి ఇప్పుడే పంపిస్తాను. మీరు వెళ్లి పెట్టినట్టే.”

“అలా కుదురుతుందా? ఎవరూ చెప్పలేదే!”

“మీరు అడగలేదు.”

నిజమే. బేరం ఎక్కడ తగ్గుతుందో అడిగాడు గానీ, అసలు పని ఎలా అవుతుందో ఏ ఏజెంటునూ అడగలేదు.

“అయితే వేసెయ్యండి తల్లీ!”

“విచారణలో ఉన్నవాళ్ల సంతకానికి సీలు వెయ్యకూడదు. ‘వ్యాపారం అని రాసింది అబద్ధం’ అని మీరు ఒప్పుకుంటే విచారణ ఇక్కడే ఆగిపోతుంది.” ఆమె గొంతు తగ్గించింది. “కానీ అబద్ధం చెప్పినవాళ్లకి ఐదేళ్లు వీసా ఇవ్వం. బాగా ఆలోచించుకోండి. ఒంటిగంటకి కిటికీ మూసేస్తాను.”

వ్యాపారి గోడవారకు వచ్చి నిలబడ్డాడు. అబద్ధమని ఒప్పుకుని సంతకం పెడితే చెల్లెలికి పాస్‌పోర్టు చేతికొస్తుంది. కానీ బస్సు తప్పినా, దారిలో ఎక్కడైనా ఆపేసినా, ఇక చెల్లెలి కోసం వెళ్లే దారే ఉండదు. పెట్టకపోతే ఆమె అక్కడే ఉండిపోతుంది. ఎటు తిప్పి లెక్కేసినా ఒకవైపు చెల్లెలే తూగుతోంది, రెండోవైపూ చెల్లెలే. ఫోన్ చేశాడు.

“పెట్టెయ్ అన్నయ్యా!” అంది చెల్లెలు అంతా విని. వెనక ఏదో బరువైనది ఈడుస్తున్న చప్పుడు. “నువ్వొచ్చి ఏం చేస్తావ్? ఇక్కడ మెట్లెక్కితేనే ఆయాసపడేవాళ్లని ముందు పంపించేస్తున్నారు.”

“నీ వెటకారం తగలెయ్య! దారి ఎలా ఉందో చెప్పు.”

“మూడు చెక్‌పోస్టులు. మధ్యాహ్నంలోపు దాటెయ్యాలి. సైనికులనుకుంటారని పచ్చబట్టలు కట్టుకోవద్దన్నారు, ఫోన్లో ఫొటోలు తీసెయ్యమన్నారు, కిటికీ పక్కన కూర్చోవద్దన్నారు.”

“పాస్‌పోర్టు సంచిలో పెట్టకు, ఒంటికి కట్టుకో. డబ్బు రెండు చోట్ల దాచు.”

“రెండు చోట్లా? నీ దరఖాస్తుల్లాగానా?”

పన్నెండూ యాభైకి ఆయన కిటికీ దగ్గరికి వెళ్లాడు. ‘వ్యాపారం అని నేను పెట్టిన దరఖాస్తు అబద్ధం’ అని సొంత చేత్తో రాశాడు. పుట్టి బుద్ధెరిగాక తన తప్పును రాతపూర్వకంగా ఒప్పుకోవడం అదే మొదలు. తర్వాత విడుదల కాగితం మీద సంతకం పెట్టాడు. అధికారిణి దానికి సీలు వేసి ఆసుపత్రికి పంపించింది. సాయంత్రం నాలుగింటికి చెల్లెలి దగ్గర్నుంచి రెండే ముక్కలు వచ్చాయి: ‘చేతికి వచ్చింది’.

మర్నాడు దుకాణంలో ఎవరేం అడిగినా ఆయన ఒకదాని ధర చెప్పి ఇంకొకటి కొలిచాడు. ఎనిమిదింపావుకు ‘ఒకటి దాటాం’ అని వచ్చింది. తొమ్మిదీ నలభైకి ‘రెండు’. ఆ తర్వాత ఫోన్ మూగబోయింది. పదకొండు, పన్నెండు. తను చేస్తే స్విచ్చాఫ్.

భార్య ఇంటి నుంచి క్యారేజీ తెచ్చింది. “రెండు ముద్దలు తినండి.”

“కడుపులో చోటు లేదు.”

“పోనీ ఆ ఫోనన్నా కింద పెట్టండి, చెమటకి పాడైపోతుంది.”

పెట్టలేదు. ఆమె మూత తియ్యని క్యారేజీ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఒంటిగంటకు ఒక లారీవాడు టార్పాలిన్ బేరమాడబోతే, “అడిగినకాడికి తీసుకుపో నాయనా,” అన్నాడు. లారీవాడు భయపడి, సరుకులో ఏదో లోపముందనుకుని వెళ్లిపోయాడు.

ఒకటీ ఇరవైకి తెలియని నంబరు మోగింది.

“అన్నయ్యా! ఈ ఫోన్ డ్రైవర్‌ది. మూడోదాని దగ్గర మా అందరి ఫోన్లూ లాగేసుకున్నారు. రెండు గంటలు ఎండలో నిలబెట్టారు.”

“ఎక్కడున్నావ్?”

“ఇవతల.”

“ఇవతలంటే? ఏ వైపు ఇవతల?”

“సరిహద్దు దాటేశాం అన్నయ్యా. ముద్ర వేశారు.”

భార్య చెయ్యి ఆయన భుజం మీద పడింది.

“పాస్‌పోర్టు తెరువు,” అన్నాడు. “ఆ ముద్ర మీద ఏముందో చదువు.”

“చాదస్తం! నిష్క్రమణ అని ఉంది. కింద ఇవాళ్టి తారీఖు.”

“మళ్లీ చదువు.”

చెల్లెలు ఈసారి వెటకారం చెయ్యలేదు. నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరమే విడదీసి చదవసాగింది.