మద్రాసు డాక్టరుకు చెప్పిన నిజం

రాజోలు మిషను బడిలో పాఠం చెబుతుండగా రాహేలు టీచరు గుండె ఉన్నట్టుండి పరుగు లంకించుకునేది. కళ్ళు తిరిగి గోడ పట్టుకుని కూలబడేది. నరాల బలహీనత అన్నారు కొందరు, గాలి సోకిందన్నారు ఇంకొందరు. చివరికి భర్త లాజరు ఆమెను మద్రాసు తీసుకువెళ్ళాడు. అక్కడి పెద్ద డాక్టరు, తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని తీగను గుండెదాకా పంపి, లయ తప్పిస్తున్న చోటును కరెంటుతో కాల్చాడు. ఆ వైద్యం అప్పుడప్పుడే మన దేశంలో మొదలవుతోంది.

ఇంటికొచ్చాక రాహేలు మళ్ళీ బడికి వెళ్ళింది, నూతిలో నీళ్ళు తోడింది, చర్చిలో కీర్తన ఎత్తుకుంది. రోజూ ప్రార్థనలో ముందు ఆ డాక్టరునే తలుచుకునేది.

రెండేళ్ళకు, ఎనభై ఎనిమిది వేసవిలో, ఆ ఆస్పత్రి నుంచి ప్రభాకరరావు అనే కుర్ర డాక్టరు సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దిగి వాళ్ళింటికి వచ్చాడు. ఈ వైద్యం చేస్తున్న ఆస్పత్రులన్నీ కలిసి, దేశంలో ఏ మూల ఉన్న రోగి అయినా ఇంటికెళ్ళాక ఎలా ఉన్నాడో ఆరా తీస్తున్నాయట. ఉత్తరాలకు జవాబివ్వనివాళ్ళను తనే వెతుక్కుంటూ తిరుగుతున్నాడట.

లాజరు కొబ్బరిబొండాం కొట్టి చేతికిచ్చి, పూర్తిగా నయమైపోయిందని తనే చెప్పేశాడు. డాక్టరు రాహేలు వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ప్రాణం పోసిన మనిషికి చెడ్డపేరు తేవడమంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమేనని ఆమె భయం. కానీ ఇంత ఎండలో ఇంత దూరం వచ్చినవాడితో అబద్ధమాడడానికి నోరు రాలేదు.

"రెండుసార్లు మళ్ళీ వచ్చిందండీ. కాసేపు పరుగెత్తి దానంతటదే తగ్గిపోయింది. పెద్ద డాక్టరుగారికి మాట వస్తుందేమోనని రాయలేదండి. ఈయనకీ చెప్పలేదు."

లాజరు కత్తి కింద పెట్టేసి ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఆయన మీద అభిమానంతో అందరూ బాగున్నామనే అంటున్నారమ్మా," అన్నాడు ప్రభాకరరావు. "ఎక్కడ లోపం మిగిలిందో తెలియకపోతే మీ తర్వాత వచ్చేవాళ్ళకి ఎలా సరిచేస్తాం? అది తెలుసుకోమనే ఆయన నన్ను పంపేరు."

ఆ వానాకాలంలోనే రాహేలు మళ్ళీ మద్రాసు వెళ్ళింది. కాల్చిన చోటు పక్కన పిసరంత మిగిలిపోయిందని తేలింది. దాన్నీ కాల్చారు. మర్నాడు పెద్ద డాక్టరు మంచం దగ్గరికి వచ్చి, ఆమె చెప్పబట్టే మిగతావాళ్ళను కూడా గుచ్చి గుచ్చి అడిగామనీ, మరికొందరిలోనూ ఇదే బయటపడిందనీ చెప్పి చేతులు జోడించాడు.

రాహేలు కంగారుగా లేవబోయింది. "దండం నేను కదండీ పెట్టాలి, మీరు పెడుతున్నారేంటండీ," అంటూనే ఏడ్చేసింది.

తిరుగు రైల్లో ఆమె కిటికీకి ఆనుకుని హాయిగా నిద్రపోయింది. లాజరు మాత్రం ఆమె మణికట్టు వదల్లేదు. వేళ్ళ కింద నాడి తూచినట్టు నడుస్తోంటే, పెదవులు కదపకుండా దేవుడికి స్తోత్రం చెప్పుకుంటూ కూర్చున్నాడు.