ఏ చప్పుడు విన్నా కళ్ళు తెరవొద్దు

రొట్టెలమ్మ చెయ్యి చెడ్డది. బేకరీలో ఏళ్ళ తరబడి పిండి పిసికి పిసికి మణికట్లు రోకళ్ళలా తయారయ్యాయి. నోటికన్నా ముందు ఆ చెయ్యే లేస్తుంది. మాడిన రొట్టె అంటగట్టావని తగువుకొచ్చినవాడికి ఒకటి, వరసలో ముందుకు దూరినవాడికి ఒకటి, ఇక కన్నకొడుక్కైతే లెక్కే లేదు. దెబ్బలు తిన్న పిల్లాడే దారిలో పడతాడని ఆవిడ సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీద పెరిగిన కొడుకు ఇప్పుడు ఆరడుగుల మెకానిక్కు. ఏ దారిలో పడ్డాడో మీరే చూద్దురుగాని.

ఎండాకాలం మొదట్లో ఆ చెయ్యి ఐదేళ్ళ మనవరాలి మీద పడింది. పిల్ల చేసిన ఘోరమల్లా పిండి డబ్బా ఒలకబోయడం. ఆ దెబ్బకి వెళ్ళి తలుపుకి కొట్టుకుంది, పెదవి చిట్లింది. కోడలు అరవలేదు, ఏడవలేదు. తడిగుడ్డతో కూతురి మూతి తుడిచి, అత్తగారి కళ్ళలోకి చూసింది.

"అత్తయ్యా, మీరనే కాదు, ఈ ఇంట్లో ఎవరైనా సరే, ఇంకొక్కసారి దీని ఎదుట చెయ్యెత్తారంటే దీన్ని తీసుకుని వెళ్ళిపోతాను. మళ్ళీ దీని మొహం మీకు చూపించను."

నోట్లో నాలుక లేదనుకున్న కోడలు అంతమాట అనేసరికి రొట్టెలమ్మ చీపురు తీసుకుని ఒలికిన పిండి తనే ఊడ్చింది. ఆవిడకి లోకంలో ఉన్న భయం అదొక్కటే, ఆ పిల్ల దూరమైపోతుందని. రాత్రి పక్కలో ఆ వెచ్చటి కాలు వచ్చి తన పొట్ట మీద పడకపోతే నిద్ర పట్టదు. అందుకే "వీధి చివర యోగా నేర్పుతున్నారట, ఊరికేనట, వస్తారా?" అని కోడలు అడిగితే కిక్కురుమనకుండా వెనకాల నడిచింది.

టైర్ల కొట్టు పైన పొడవాటి హాలు అది. ఒక గోడ నిండా అద్దం, మూల ఒక కుళాయి, కప్పుకి ఫ్యాన్లు. అందులో ఒకటి తిరిగేదానికన్నా మూలిగేదే ఎక్కువ. సాయంత్రమయ్యేసరికి నర్సులు, బ్యాంకు క్యాషియరు, తాళాలు బాగుచేసే ముసలాయన, అందరూ చాపలు పరుచుకుని చెమటలు కక్కేవాళ్ళు. టీచరమ్మ గొంతు పెంచగా ఎవరూ వినలేదు. "కోపం వస్తే ఊపిరి పొడుగ్గా వదలండమ్మా, అది పోయేదాకా వదలండి" అనేది. రొట్టెలమ్మ వదిలింది. మొదట్లో నవ్వులాటగా, తర్వాత ప్రాణం పెట్టి వదిలింది. బేకరీలో ఎవడో "ఏయ్ ముసలీ" అన్నా చెయ్యి లేవకపోయేసరికి యజమాని హడలిపోయి, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

అన్నిటికన్నా ఆవిడకి చివర్లో వేసే శవాసనం ఇష్టం. వెల్లకిలా పడుకుని, అరచేతులు పైకి తిప్పి, కళ్ళు మూసుకోవడమే. మొదట్లో ఒకరోజు గురక పెడితే తాళాల ముసలాయన "శవాలు గురక పెట్టవు తల్లీ" అన్నాడు. హాలంతా పకపకా నవ్వింది. టీచరమ్మ మాత్రం రోజూ ఒకే మాట చెప్పేది. "ఏ చప్పుడు విన్నా కళ్ళు తెరవొద్దు. దాన్ని రానివ్వండి, పోనివ్వండి. నేను చెప్పాకే తెరవండి." పిల్ల కూడా తల్లి పక్కన బుల్లి చేతులు చాపుకుని అలాగే పడుకునేది.

నిజానికి ఆ విద్య రొట్టెలమ్మకి కొత్తేం కాదు. ఇంట్లో పక్కగదిలోంచి చప్పుళ్ళు వచ్చినప్పుడు ఆవిడ చేసేదీ అదే. వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. మొగుడూ పెళ్ళాల మధ్య మూడోమనిషి దూరకూడదని తనకి తానే చెప్పుకునేది. మర్నాడు కోడలు మోచేతులు దాటే చేతుల జాకెట్టు వేసుకుంటే, ఇంత ఎండలో ఎందుకే అని ఒక్కసారైనా అడగలేదు.

ఆ సాయంత్రం కిటికీల్లోంచి సెగ కొడుతోంది. అందరూ శవాసనంలో ఉన్నారు. కింద మోటారుసైకిల్ ఆగింది. ఆ బండి ఎవరిదో రొట్టెలమ్మకి తెలుసు. రానివ్వండి, పోనివ్వండి. మెట్ల మీద బూట్లు టకటకలాడాయి. రానివ్వండి.

"ఇంటి తాళం బొడ్లో దోపుకుని ఇక్కడ పడుకున్నావా? గుమ్మంలో కుక్కలా నిలబడాలా నేను?"

చెంపదెబ్బ పేలింది. హాల్లో ఒక్కరూ కదల్లేదు. పైగా రెప్పలు ఇంకా గట్టిగా బిగించుకున్నారు. టీచరమ్మ "బాబూ..." అంది. ఆ గొంతు పక్క చాప దాకా కూడా పోలేదు.

రెండో దెబ్బని రొట్టెలమ్మ చెవితోనే గుర్తుపట్టింది. అరచెయ్యి గుంట చేసి, మణికట్టు విదిల్చి కొట్టే దెబ్బ అది. తనదే. కొడుక్కి తన ముక్కు రాలేదు, తన రంగు రాలేదు, తన చెయ్యి వచ్చింది.

కళ్ళు తెరిచింది. వాడు పెళ్ళాం జుట్టు పిడికిట చుట్టి, తలని నేలకేసి కొడుతున్నాడు. ముక్కులోంచి రక్తం చాప మీదకి కారుతోంది. పక్కనే పిల్ల, అరచేతులు పైకి పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని పడుకుని ఉంది. నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. నేర్చుకున్నట్టే ఊపిరి పొడుగ్గా వదులుతోంది.

ఇప్పటికి కళ్ళు మూసుకుంటే ఇంటికి వెళ్ళాక సర్దిచెప్పుకోవచ్చు. కోడల్ని కాళ్ళూ గడ్డం పట్టుకుని ఆపొచ్చు. రాత్రికి ఆ కాలు మళ్ళీ పొట్ట మీద పడుతుంది. తనే చెయ్యెత్తిందంటే మాత్రం ఇక నోరెత్తడానికి ఉండదు. రొట్టెలమ్మకి ఇదంతా తెలుసు. తెలిసే లేచింది.

ఆసనాల్లో తల కింద పెట్టుకునే చెక్క దిమ్మ తీసి వాడి మోచేతి మీద వేసింది. వాడు ఎవరని చూడకుండానే ఒక్క తోపు తోశాడు. ఆవిడ వెళ్ళి గోడ అద్దం మీద పడింది. అద్దం భళ్ళుమంది, పెంకు భుజంలో దిగింది.

"నువ్వు మధ్యలోకి రాకమ్మా! నీ దగ్గర నేర్చుకున్నదేగా!"

"అవున్రా. అందుకే వచ్చాను."

వాడి మణికట్టు పట్టుకుని, పిండి ముద్దని మెలితిప్పినట్టు, ఒళ్ళంతా బరువేసి తిప్పింది. ఎముక చిటుక్కుమంది. వాడు మోకాళ్ళ మీద కూలి కేకలు పెట్టాడు. ఆవిడ ఆగలేదు. ముక్కు మీద కొట్టింది. నోటి మీద కొట్టింది. పన్ను ఊడి నేల మీద దొర్లింది. అబద్ధమెందుకు, ఆ చేతికి హాయిగా ఉంది. వేసవంతా ఊదిపారేశాననుకున్న కోపం ఎక్కడికీ పోలేదు, అంతా భుజంలోనే ఉంది. ఇప్పుడు కళ్ళు తెరిచిన క్యాషియరు వెనకనుంచి పట్టుకోబోతే మోచేత్తో పొడిచింది. మళ్ళీ పిడికిలెత్తింది.

"అత్తయ్యా. చాలు."

కోడలు నేల మీద నుంచే అంది. పిడికిలి గాల్లో ఆగింది. కొట్టాలనే ఉంది. రొట్టెలమ్మ ఊపిరి వదిలింది, వదిలింది, వదులుతూనే ఉంది. చివరికి పిడికిలి విడి చెయ్యి ఊరికే కిందికి వచ్చింది.

పైన ఫ్యాను మూలుగుతోంది. అప్పుడు చాప మీదనుంచి చిన్న గొంతు వినిపించింది.

"నాన్నమ్మా, కళ్ళు తెరవొచ్చా?"

ఆ గొడవలో పిల్లకి తెరవమని చెప్పినవాళ్ళే లేరు. అందరూ రొట్టెలమ్మ వైపు చూశారు. చేతులు మోచేతుల దాకా రక్తంతో ఎర్రగా ఉన్నాయి. మూల కుళాయి ఉంది. ఒక్క నిమిషం ఆగమని, కడుక్కుని రావచ్చు. ఆవిడ కుళాయి వైపు చూసింది. వెళ్ళలేదు.

"తెరువు తల్లీ" అంది.

పిల్ల తెరిచింది. తల్లిని చూసింది, తండ్రిని చూసింది, నాన్నమ్మ చేతులు చూసింది. ఒక్క అరుపు అరిచి తల్లి ఒళ్ళో మొహం దాచుకుంది.

కోడలు మాట తప్పలేదు. గుమ్మంలో పిల్లకి చెప్పులు తొడిగి, నర్సులు చెరో రెక్కా పట్టుకుంటే, దాన్ని చంకనేసుకుని మెట్లు దిగింది. దిగేముందు విసిరిన ఇంటి తాళం మొగుడి పక్కన పడింది. కింద మెట్టు మీద పిల్లని దింపేసరికి ఒక కాలి చెప్పు దారిలో జారిపోయింది. రొట్టెలమ్మ అది పట్టుకుని దిగొచ్చి, తొడుగుదామని వంగింది. పిల్ల కాలు చటుక్కున వెనక్కి లాక్కుంది.

రొట్టెలమ్మ చెప్పుని మెట్టు మీద పెట్టింది. చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని, గోడ దాకా వెనక్కి జరిగింది. అప్పుడు పిల్ల నెమ్మదిగా కాలు దించి, చెప్పు తనే తొడుక్కుంది.