టైబ్రేక్ లేని సెట్

అక్క మెట్ల మీంచి జారిపడి చనిపోయిందని బావ చెప్పాడు. పోలీసులు నమ్మారు. నేను నమ్మలేదు కానీ, నా నమ్మకంతో ఎవరికీ పని లేకపోయింది. అక్క కూతురు చిన్నిని మా ఇంటికి తెచ్చుకోవడం ఒక్కటే నేను చేయగలిగిన పని. అది అడగడానికే ఆ ఆదివారం బావ టెన్నిస్ నేర్పే క్లబ్బుకి వెళ్లాను.

నేను వెళ్లేసరికి చిన్ని నెట్ దగ్గర నిలబడి ఉంది. చేతిలో రాకెట్ లేదు. అవతలి గీత దగ్గర నిలబడి బావ ఆమె మీదికి బంతులు కొడుతున్నాడు. ఒకటి తొడకి తగిలింది, ఒకటి భుజానికి. ఆమె కదలలేదు. ఆ క్లబ్బులో తప్పు ఆడినవాళ్లకి అదే శిక్ష. తమ పిల్లలకి అది జరుగుతుంటే కూడా తల్లిదండ్రులు క్రమశిక్షణ అని చూస్తూ ఊరుకునేవారు.

"రండి రండి, మాస్టారూ," అన్నాడు బావ, బుట్టలోంచి ఇంకో బంతి తీస్తూ. "పాఠం వినడానికొచ్చారా, చెప్పడానికొచ్చారా?"

"చిన్నిని నాతో పంపించు బావా."

"నీతో వస్తే ఏం నేర్పుతావ్? మీ బళ్లోలాగా ఎక్కాలా?"

"ఏమీ నేర్పను. భయం లేకుండా నిద్రపోతుంది. అది చాలు."

బావ నవ్వుతూనే కొట్టాడు. బంతి చిన్ని మెడ కింది ఎముకకి తగిలింది. నేను కోర్టులోకి నడిచి ఆమెకి అడ్డంగా నిలబడ్డాను. తర్వాతి బంతి నా వీపున పడింది.

"సరే, ఒక్క సెట్," అన్నాడు బావ. "గెలిస్తే తీసుకుపో. ఓడితే ఇంకోసారి ఈ గేటు తొక్కకూడదు."

"నాకు ఆట సరిగ్గా రాదని నీకు తెలుసుగా."

"పరిగెత్తడం వచ్చుగా! రోజూ పొద్దున్నే ఊరవతలి దాకా, వెనక కుక్కలు తరుముతున్నట్టు! ఆ కాళ్లు ఇక్కడేమన్నా పనికొస్తాయేమో చూద్దాం బామ్మర్దీ. గుర్తుపెట్టుకో, నా కోర్టులో టైబ్రేకులుండవు."

మామూలుగా ఇద్దరూ ఆరేసి గేములు గెలిస్తే ఒక చిన్న ఆటతో సెట్ తేల్చేస్తారు. బావ దానికి ఒప్పుకోడు. రెండు గేముల తేడా వచ్చేదాకా ఆడాల్సిందే. ఇంకో నియమం కూడా ఉంది. సర్వీస్ చేసేవాడు సిద్ధమైతే ఎదుటివాడూ సిద్ధంగా ఉండాలి. ఆయాసమని ఆగితే పాయింటు పోయినట్టే. పిల్లల్ని కూలబడేదాకా ఆడించడం కోసం ఆయన పెట్టుకున్న పద్ధతులవి.

చిన్ని కంచె దగ్గరున్న తన రాకెట్ తెచ్చి నా చేతికిచ్చింది. అది అక్క రాకెట్. పిడికి టేపు చుట్టింది కూడా అక్కే. చిన్ని వెళ్లి, స్కోరు చెప్పేవాళ్లు కూర్చునే ఎత్తు కుర్చీ ఎక్కి కూర్చుంది.

పెళ్లికి ముందు అక్కా నేనూ కలిసి పరిగెత్తేవాళ్లం. మాట్లాడుకోగలిగినంత వేగంతోనే పరిగెత్తాలనేది అక్క. మాట ఆగిందంటే వేగం తగ్గించాలి. అలాంటి పరుగు నాకు ఊపిరినిచ్చింది. కానీ ఆగడం నేర్పలేదు, పక్కకి తిరగడం నేర్పలేదు. కోర్టులో బంతి దగ్గరికి చేరేవాణ్ణి, దాన్ని దాటిపోయేవాణ్ణి. వెనక్కి తిరగబోతే చీలమండ మెలిపడేది. రెండో గేములోనే బోర్లాపడ్డాను. మోకాలి చర్మం సిమెంటుకి అంటుకుపోయింది.

"ఏంట్రా, బస్సులా దూసుకొస్తున్నావ్! బ్రేకులు లేవా?" అన్నాడు బావ. "స్టాపు ఎప్పుడో దాటిపోయింది!"

ఐదు గేములు ఆయనవి, ఒకటి నాది. ఇంకొక్క గేము గెలిస్తే అయిపోయేది. బావకి అలా ముగించాలని లేదు. మూలలకి కొట్టడం మానేసి నన్ను కొట్టడం మొదలుపెట్టాడు.

మొదటిది పక్కటెముకలకి తగిలింది. రెండోది నోటికి. నాలుక మీద పన్ను ముక్క తగిలితే ఉమ్మేశాను. చొక్కా ముందంతా ఎర్రబడింది.

"మాస్టారి నోరు మూయించాను చూడవే!" అని అరిచాడు కూతురితో.

చిన్ని స్కోరు చెప్పింది.

అప్పుడు నాకొక సంగతి అర్థమైంది. బంతి నా మీదికే వస్తోంది. ఇక నేను ఆగక్కర్లేదు, తిరగక్కర్లేదు. నాకు రానివాటిని బావే ఆటలోంచి తీసేశాడు. రాకెట్ ఛాతీకి అడ్డం పెట్టి ప్రతి బంతినీ అవతలికి పంపించాను. తగిలినవి తగిలాయి. బావ ఇంకా గట్టిగా కొట్టాడు. గట్టిగా కొట్టినవి నెట్‌కి తగిలాయి, గీత దాటిపోయాయి. ఒక్కో గేమూ నా వైపు వచ్చింది. ఇద్దరం సమానమయ్యాం. ఆ తర్వాత కూడా సమానంగానే పోయాం. ఎండ నడినెత్తికి వచ్చింది.

నా ఊపిరి రెండు పాయింట్ల మధ్య సర్దుకుంటోంది. బావది సర్దుకోవడం లేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడుతున్నాడు. నేను సర్వీస్‌కి చెయ్యి ఎత్తాను.

"ఆగరా."

"ఆగకూడదన్నది నువ్వే బావా."

కొట్టాను. ఆయన తల ఎత్తేలోపు బంతి దాటిపోయింది. మళ్లీ కొట్టాను. బూతులు తిడుతూ పరిగెత్తాడు. కాసేపటికి తిట్టడానికీ ఊపిరి చాలలేదు. తను కొట్టిన బంతి బయట పడిందని చిన్ని అన్నందుకు ఒక బంతిని కుర్చీ మీదికి విసిరికొట్టాడు. అది కుర్చీ కాలికి తగిలి ఎగిరింది.

నేను ఒక గేము ముందుకెళ్లాను. తర్వాతి గేములో గెలవడానికి ఒక్క పాయింటు మిగిలింది. నెట్‌కి దగ్గర్లో పడేలా మెల్లగా ఒక బంతి వేశాను. బావ ముందుకి ఉరికాడు. బంతిని అందుకుని పైకి లేపాడు కానీ పిక్క పట్టేసి అక్కడే కుప్పకూలాడు. బంతి మెల్లగా లేచి, తీరిగ్గా నా ముందుకొచ్చింది.

ఆయనకి అటూ ఇటూ కోర్టంతా ఖాళీగా ఉంది. ఎక్కడ వేసినా సెట్ నాదే. నేను ఆయన ముఖానికి గురిచూసి కొట్టాను.

ముక్కు విరిగిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు నచ్చింది. నెట్ చుట్టూ తిరిగి అవతలికి వెళ్లాను.

"మెట్ల మీద ఏం జరిగింది?"

"పడింది... పడిందిరా." చేతులు తలకి అడ్డం పెట్టుకున్నాడు.

రాకెట్ ఎత్తి దించాను. ఆయన తల పక్కన సిమెంటు మీద పడింది. మళ్లీ ఎత్తాను. చట్రం విరిగి, తీగలు తెగి, పిడి మీది టేపు ఊడి నా వేళ్లకి చుట్టుకునేదాకా ఆ సిమెంటు మీదే కొడుతూ ఉన్నాను. బావ ఏడుస్తున్నాడు. తలెత్తి చూశాను.

కుర్చీలో చిన్ని కూడా తలకి చేతులు అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయి ఉంది. సరిగ్గా వాళ్ల నాన్నలాగే.

"గేమ్," అంది చేతుల చాటునుంచి. "సెట్."

తర్వాత కుర్చీ దిగింది. నా వైపు రాలేదు. గేటు తెరుచుకుని రోడ్డు మీద పరుగు తీసింది. మా ఇల్లు ఉన్న దిక్కుకే. విరిగిన పిడి అక్కడే పడేసి వెనకాల వెళ్లాను.

ఆమెని అందుకోవడం నాకు కష్టం కాదు. అయినా అందుకోలేదు. వెనక నా అడుగులు వినిపించేంత దూరంలో పరిగెత్తాను. పక్కటెముకల్లో ఎవరో మేకు దించుతున్నట్టుంది. వరసగా ఉన్న కొట్లు దాటాం, గోడౌన్లు దాటాం. చాలాసేపటికి ఆమె అడుగు నెమ్మదించింది. మాట్లాడుకోగలిగినంత వేగానికి వచ్చింది. నేను పక్కకి చేరాను.

"ఆ చివరి బంతి..." అంది రోడ్డు వైపే చూస్తూ. "పక్కకి కొట్టినా గెలిచేవాడివి కదా మామయ్యా."

"అవును."

చిన్ని రోడ్డుకి ఆ అంచుకి జరిగింది. వేగం మాత్రం పెంచలేదు. నేను ఈ అంచునే పరిగెత్తాను.