పక్క చేని కంది

తొంభై ఎనిమిదిలో పావగడ దగ్గరి అరసికెరె చేలల్లో వేరుశనగ ఊడలు దిగే సమయానికి వాన ముఖం చాటేసింది. ఓబక్క భర్త బెంగళూరికి కట్టడం పనికి వెళ్లిపోయాడు. ఆమె ఒక్కతే చేను చూసుకుంటోంది. వేరుశనగ వాడిపోయినా, సాళ్ల మధ్య వేసిన కంది మాత్రం నిలబడింది. అది ఆమె అత్త కాలం నాటి విత్తనం. చెట్టు పొట్టి, గింజ మీద మచ్చలు. నాలుగు చినుకులు పడితే చాలు, కాయ పట్టేది.

గట్టుకు అవతల మల్లేశప్ప చేను. ఆయన భార్య నాగక్క, ఓబక్క ఒకే ఏడు ఆ ఊరికి కోడళ్లుగా వచ్చారు. కూరాకు తెంపినా, కట్టెలకు పోయినా ఇద్దరూ కలిసే. ఆ ఏడు మల్లేశప్ప బోరు కింది చేనును ఒక విత్తనాల కంపెనీకి కౌలుకిచ్చాడు. వాళ్లు చుట్టూ ముళ్లకంచె వేసి కొత్తరకం కంది నాటించారు. దాన్ని చూసుకునే శ్రీరామప్ప పావగడ వాడే. వ్యవసాయం చదువుకుని కంపెనీలో చేరాడు. వారానికోసారి మోటార్ సైకిల్ మీద వచ్చి పోయేవాడు.

దీపావళి దాటాక రెండు చేలూ పసుపుపచ్చగా పూశాయి. ఓబక్క కందికి పురుగు పడి కాయలు తొలిచేస్తోంది. కంచె అవతల చెట్లకు మాత్రం పురుగన్నదే లేదు. ఏం మందు కొడుతున్నారని ఆమె అడిగింది. మందేమీ లేదనీ, మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి గుణాన్ని విత్తనంలోనే చేర్చారనీ, కాయ కొరికిన పురుగు దానంతటదే చస్తుందనీ శ్రీరామప్ప వివరించాడు.

"మనుషులు తింటే ఏమౌతాదప్పా?" అంది ఓబక్క.

"ఏమీ కాదనే అనుకుంటా ఉండాం అక్కా. పరీక్షలు ఇంకా అన్నీ కాలేదు. అందుకే ఒక్క కాయ గూడా బయటికి పోగూడదు. ఆఖర్న అంతా కాల్చేయాల."

అలా చెబుతూ చెబుతూ ఆమె చేను వైపు చూసి ఆగిపోయాడు. మొదట్లో వచ్చినప్పుడు ఆమె కంది మొలకలు వేరుశనగ ఆకుల మధ్య కనబడలేదు. చుట్టుపక్కల కంది లేదని మల్లేశప్ప చెప్తే నమ్మాడు. ఇప్పుడు చూస్తే రెండు చేల పూల మీదా అవే తేనెటీగలు తిరుగుతున్నాయి. అవి ఈ పుప్పొడిని ఆ పూలకు మోస్తాయనీ, ఆ కాయల గింజ విత్తితే కొత్త గుణం అందులోకి రావచ్చనీ, కంటితో చూసి తేడా కనుక్కోలేమనీ దాచకుండా చెప్పాడు. అత్త నాటి విత్తనం ఇక ఏది పాతదో ఏది కొత్తదో తేల్చుకోలేనని ఓబక్కకు అర్థమైంది.

ఆ సాయంత్రమే ఆమె మల్లేశప్పను నిలదీసింది. ఆయనకు కోపమొచ్చింది. బోరు ఎండిపోయే దశలో ఉందనీ, ఈ కౌలే లేకపోతే తానూ బెంగళూరు దారి పట్టాల్సిందేననీ అన్నాడు. "నీ కంది కోసరం నా పొయ్యి ఆర్పుకోమంటావా?" అని లోపలికి వెళ్లిపోయాడు. గుమ్మంలో నిలబడ్డ నాగక్క నోరు తెరవలేదు. ఓబక్కకు ఆయన మాట కంటే ఆమె మౌనమే ఎక్కువ బాధ పెట్టింది. ఆ తర్వాత ఓబక్క, నాగక్క ఎదురుపడినా పలకరించుకోలేదు.

కొన్నాళ్లకు, ఒక పొద్దున నాగక్కే గట్టు దాటి వచ్చింది.  కంచె లోపలి పచ్చికాయలు తెంపి, ఏటా చేసినట్టే ఉప్పేసి ఉడకబెట్టిందట. అవి తినకూడదని భర్త ఆమెకు చెప్పలేదు. పంటంతా కాల్చేయాలని నిన్న శ్రీరామప్ప ఆయనతో అంటుంటే విని భయపడిపోయిందట.

"బాగనే ఉండా ఓబక్కా. అయినా తిన్యాను గదా. ఎవుర్ని అడిగితే తెలుస్తాది?"

ఓబక్క ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ పావగడ బస్సెక్కారు.

బస్టాండు దగ్గరే శ్రీరామప్ప గది. విషయం విని, ఎప్పుడు, ఎన్ని కాయలు తిన్నదో అతను అడిగాడు. ఎలుకలకు పెట్టి చూసినప్పుడు ఏమీ కాలేదనీ, ఆమెకూ ఏమీ కాకపోవచ్చనీ చెప్పాడు. "కానీ నాకు ఖచ్చితంగా తెలీదక్కా. తెలిసినట్టు చెప్పలేను" అన్నాడు. వాళ్లను వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు పరీక్షించి, ఏ ఇబ్బందీ కనబడలేదన్నాడు. నాగక్క భయం సగం తగ్గింది. మిగతా సగం, తిరుగు బస్సులో ఓబక్క పక్కన కూర్చుని మాట్లాడుతుంటే తగ్గింది.

ఇంటికి రాగానే నాగక్క భర్తతో చెప్పింది. "ఆ కాయలు ఎక్కడివని అడక్కనే నువ్వూ తిన్యావు. ఒకే కుండలోవి. అది మంచిదో చెడ్డదో తెలిసేదాకా మన చేన్లో వద్దు."

 మర్నాడు మల్లేశప్ప తనే శ్రీరామప్ప దగ్గరికి వెళ్లి, పక్క చేలో కంది ఉందని తెలిసే దాచానని ఒప్పుకున్నాడు. పక్క చేను చూసుకోకపోవడం తన తప్పేనని కూడా చేర్చి శ్రీరామప్ప జరిగిందంతా కంపెనీలో పైవాళ్లకు రాశాడు. వాళ్లు అతన్ని బాగా తిట్టారు. అయినా పంట పీకి కాల్చమన్నారు. మల్లేశప్పకు కౌలు డబ్బు, ఓబక్కకు పంటనష్టం ఇప్పించేదాకా అతను పట్టు విడవలేదు.

ఓబక్క కంది కూడా పీకాల్సి వచ్చింది. మొదటి చెట్టు మీద చెయ్యి వేసి ఆమె కదల్లేకపోయింది. నాగక్క వచ్చి ఆ చెట్టు పీకింది. తర్వాత ఇద్దరూ చెరో సాలు పట్టుకున్నారు. ఆ చివర మల్లేశప్ప తలెత్తకుండా, కాల్చడానికి మోపులు కట్టాడు.

మరి విత్తనం? ఓబక్క ఆ తేనెటీగలు పోలేనంత దూరంలోని వెంకటమ్మనహళ్లి ఊరికి వెళ్లింది. అక్కడి గుండమ్మ ఒక కరువేడు ఆమె దగ్గర దోసెడు గింజలు తీసుకుని, అప్పటినుంచీ వేసుకుంటోంది. సంగతి వినగానే గుండమ్మ ఓబక్కను కొంగు పట్టమని, దాని నిండా మచ్చల గింజలు పోసింది. ఇంకా కావాలంటే మళ్లీ రమ్మంది.

ఎండాకాలంలో శ్రీరామప్ప ఒకసారి ఊరికొచ్చాడు. ఈసారి ఆ కొత్తరకాన్ని చుట్టూ ఎక్కడా కంది లేని చోట పెడుతున్నారని చెప్పాడు. "తినేకి మంచిదని తేలితే వచ్చి చెప్తా అక్కా. కాదని తేలితే అదీ వచ్చి చెప్తా."

"రాప్పా. ఏది తేలినా ఈడే సంగటి తిని పోదువు" అంది ఓబక్క.

ముంగారు వాన ఆ ఏడు సకాలంలో పడింది. నేల పదును ఆరకముందే మల్లేశప్ప రెండు చేలకూ విత్తే గొర్రు కట్టాడు. వెనకాల వేరుశనగ వేస్తూ నాగక్క, కంది వేస్తూ ఓబక్క నడిచారు. పడమట మబ్బు మళ్లీ కమ్ముకుంటోంది. ఇంకో రెండు సాళ్లు అయిపోతే తడిసినా ఫరవాలేదని నాగక్క నవ్వుతూ అడుగు పెంచింది.