తర్వాత చూద్దాం

ఆమె భర్తకు రాని పనంటూ లేదు, చేసే తీరికే లేదు పాపం. ఇళ్ళకు ప్లాన్లు గీసే మనిషి. కంప్యూటర్ మొరాయిస్తోందని కొత్త డిస్క్ తెచ్చి సొరుగులో పడేశాడు. ఎప్పుడు పెడతారంటే, "తర్వాత చూద్దాం." నాలుగు నెలలుగా అది కత్తెర పక్కన సుఖంగా పడుకుంది.

నిన్న మళ్ళీ తెర బిగుసుకుపోయింది. "దీన్ని గానీ తుడిచావా?" అన్నాడు ఆమె వైపు తిరిగి. ఈ ఉదయం ఆయన సైటుకు వెళ్ళగానే ఆమె స్క్రూడ్రైవర్ తీసింది.

కొత్త డిస్క్‌లో కంప్యూటర్‌ను నడిపే సిస్టమ్ చక్కగా కూర్చుంది. రెప్పపాటులో తెర వెలిగింది. ఆ సంబరం మూడు నిమిషాలు. ప్లాన్లు గీసే ప్రోగ్రామ్ మాత్రం తెరుచుకోలేదు. పాత డిస్క్‌లో ప్రోగ్రాములన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, కానీ కొత్త సిస్టమ్‌కు అవేంటో తెలియదు. ఇల్లు మారితే సామానంతా వచ్చినా పాలవాడికీ గ్యాసువాడికీ చిరునామా మళ్ళీ చెప్పుకోవాల్సిందే కదా. ఒక్కో ప్రోగ్రామూ మొదటి నుంచి ఎక్కించాలి. ఆయన ఒంటిగంటన్నరకు భోజనానికి వస్తాడు. నాలుగింటికి ఇల్లు కట్టించుకునేవాళ్ళు ప్లాన్ చూడ్డానికి వస్తారు.

ఆరేళ్ళ క్రితం ఇదే కంప్యూటర్‌లోంచి ఓ బడి ప్లాన్ మాయమైంది. ముందురోజు ఆమె బల్ల తుడిచింది. తీర్పుకు అంతకన్నా సాక్ష్యం ఎందుకు? "మా ఆవిడ గుడ్డ పెట్టి తుడిస్తే దుమ్మే కాదు, బడి కూడా పోయింది" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఆయన చెప్పేవాడు. అందరూ నవ్వేవారు. నీళ్ళ గ్లాసులు అందిస్తూ ఆమే నవ్వేది. "చదువుకున్న చేతులు, ఊరుకోవు" అనేది అత్తగారు. ఆ చదువు కంప్యూటర్లదే. ఇన్నేళ్ళు వినీ వినీ, ఆ గుడ్డ ఏ మీటను తాకిందో కూడా గుర్తున్నట్టే ఉండేది ఆమెకు.

అన్నీ ఎక్కాయి, ప్లాన్లది తప్ప. దాన్ని ఎక్కించే ఫైల్ ఎక్కడ దాచాడో? ఒంటిగంట దాటింది. వీధిలో ఏ స్కూటర్ ఆగినా ఆమె గుండె కూడా ఆగుతోంది. పాత డిస్క్ మూలమూలా వెతికితే ఓ ఫోల్డర్ దొరికింది. పేరు: తర్వాత చూద్దాం.

ఇంకెవరు పెడతారు ఆ పేరు! ఫైల్ అందులోనే ఉంది. దాని కింద బడి ప్లాన్ ఉంది. పన్నెండు గదులూ, మెట్లూ, నీళ్ళ తొట్టీ, ఒక్క గీత చెరగకుండా.

ప్రోగ్రామ్ ఎక్కింది. భయం మాత్రం దిగలేదు, ఇంకో చోటికి మారింది. ఇప్పుడు తను చెప్పాలి. తప్పు చేసినదానిలా ఈ ఇంట్లో ఎలా మసలాలో ఆమెకు తెలుసు. చేయనిదానిలా ఎలా నిలబడాలో తెలియదు. ఫోల్డర్ మూసేయొచ్చు. మీట మీదికి వేలు వెళ్ళింది కూడా.

తలుపు చప్పుడైంది. ఆయన బూట్లతోనే గదిలోకి వచ్చాడు. "దీన్నెవరు విప్పారు? నాలుగింటికి వాళ్ళొస్తున్నారు, నీకు బుద్ధుందా?"

"మీ ప్రోగ్రామ్ తెరుచుకుంటోంది" అంది. కుర్చీలోంచి లేవలేదు. "ఇది కూడా చూడండి. తర్వాత కాదు, ఇప్పుడే."

ఆయన చూశాడు. ఫోల్డర్ పేరు రెండుసార్లు చదువుకున్నాడు. చెవుల చివర్లు ఎర్రబడ్డాయి.

"నేనే... ఇందులో పడేసి మర్చిపోయినట్టున్నాను" అని గొణిగాడు.

"ఏంట్రా అంటున్నావు?" ముందుగదిలోంచి అత్తగారు. ఆవిడకు వినికిడి తక్కువ.

"ఏం లేదమ్మా."

"అత్తయ్యకు వినపడలేదట" అంది ఆమె. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

ఆయన ఆమెను చూశాడు, తెరను చూశాడు, గుమ్మం దాకా వెళ్ళి గొంతు పెంచాడు.

"ఆ బడి ప్లాన్ ఈమె చెరపలేదమ్మా. నేనే పోగొట్టాను. తప్పు నాదే!"